టికెట్ రేటుకి ఒక రూలు రాయండి చాలు

పెద్ద హీరో సినిమా విడుదలకి ఇంకా రెండు మూడు రోజులుందనగా మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ తిరగడం మొదలవుతుంది. పైన ప్రభుత్వ ముద్ర, కింద ఒక అధికారి సంతకం, మధ్యలో రెండు పేరాల ఇంగ్లీషు. బెనిఫిట్ షో, అంటే మామూలు ఆటలకన్నా ముందు వేసే ప్రత్యేక ఆట, టికెట్ ఇంత, ఫలానా తేదీ దాకా సింగిల్ స్క్రీన్‌లో ఇంత పెంచుకోవచ్చు, మల్టీప్లెక్సులో ఇంత. ఫ్యాన్స్ పేజీలవాళ్ళు దాన్ని టీజర్ వచ్చినంత హడావిడిగా పంచుకుంటారు. కాస్త ఆలస్యమైతే "జీవో ఎప్పుడు?" అని నిర్మాతల వెంట పడతారు. వచ్చాక ముఖ్యమంత్రి నుంచి సినిమాటోగ్రఫీ మంత్రి దాకా పేరుపేరునా ధన్యవాదాలు చెబుతూ నిర్మాణ సంస్థ ఒక పోస్టర్ వదులుతుంది.

మొన్నీమధ్య అలాంటి కాపీ ఒకటి తీరిగ్గా మొదటి లైను నుంచి చదివాను. రేట్లకన్నా ముందు, రిఫరెన్సులు రాసే చోట నా చూపు ఆగింది. నిర్మాణ సంస్థ ఫలానా తేదీన పెట్టుకున్న దరఖాస్తు అని ఉంది. అంటే వాళ్ళు అడిగారు, ప్రభుత్వం దయతలచింది. అడగని సినిమాకి లేదు. అడిగినా దొరకని సినిమాకి ఎందుకు దొరకలేదో ఎక్కడా రాసి ఉండదు.

టికెట్ రేట్ల మీద మన దగ్గర ఐదేళ్ళుగా జరుగుతున్న గొడవంతా రేటు ఎక్కువా తక్కువా అన్న దగ్గరే తిరుగుతోంది. నా బాధ ఆ దరఖాస్తు గురించి. సినిమా సినిమాకీ విడివిడిగా అనుమతి ఇచ్చే పద్ధతి ఉన్నంతకాలం పరిశ్రమ ప్రభుత్వం ముందు చేతులు కట్టుకునే నిలబడుతుంది, ప్రభుత్వం ఆ చేతుల్ని చూసుకుని మురుస్తూనే ఉంటుంది, మధ్యలో జేబు ఖాళీ అయ్యేది టికెట్ కొనేవాడిదే. రేటు ఎంత పెట్టినా సరే, అందరికీ ఒకటే రూలు ముందే రాసి పెట్టండి అన్నదే నా మాట. ఇది చెప్పడానికి అన్ని పార్టీల వ్యవహారాలూ తవ్వాలి. ఏ పార్టీ అభిమానికైనా ఏదో ఒక పేరా గుచ్చుకోక తప్పదు.

5 రూపాయల నుంచి 1000 దాకా

2021 ఏప్రిల్‌లో జగన్ ప్రభుత్వం 35వ నంబరు జీవో ఇచ్చింది. పల్లెటూరి నాన్ ఏసీ హాల్లో కింది తరగతి టికెట్ 5 రూపాయలు. అది వచ్చింది పవన్ కల్యాణ్ సినిమా విడుదల సమయానికి. పేదవాడికి వినోదం అందుబాటులో ఉండాలని ప్రభుత్వం అంది. కక్ష అని అవతలివాళ్ళు అన్నారు. ఆ ఏడాది డిసెంబర్‌లో తనిఖీలు మొదలయ్యాయి, కొన్ని హాళ్ళకి తాళాలు పడ్డాయి, ఆ రేట్లకి నడపలేక కొందరు తామే మూసుకున్నారు. థియేటర్ కన్నా పక్కనున్న కిరాణా కొట్టుకే కలెక్షన్ ఎక్కువ ఉందన్నట్టు హీరో నాని మాట్లాడితే అదొక పెద్ద రభస అయింది.

కృష్ణా డెల్టాలో ఒక చిన్న టౌన్లో మాకు మేనమామ వరసయ్యే ఆయన హాలు నడుపుతారు. 2022 ఫిబ్రవరిలో భీమ్లా నాయక్ వచ్చినప్పుడు రేట్లు ఎవరూ పెంచకుండా చూడమని థియేటర్ల దగ్గర రెవెన్యూ సిబ్బందిని కూర్చోబెట్టారు కదా, ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. బుకింగ్ కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒక ఉద్యోగి కూర్చున్నాడు. ఒళ్ళో పొడుగాటి నోటుబుక్కు. ఏ తరగతిలో ఎన్ని టికెట్లు తెగాయో ప్రతి ఆటకీ రాసుకుంటున్నాడు. కుర్రాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకుంటుంటే మొహం పక్కకి తిప్పుకునేవాడు. మావయ్య టీ తెప్పించి ఇస్తే, "నాకు మాత్రం ఇష్టమా అండీ, పొద్దున్నే పైనుంచి ఫోన్ వచ్చింది. అక్కడ పింఛన్ల పని పెండింగ్ పడిపోయింది" అన్నాడు. మావయ్య ఏమీ అనలేదు. ఆయన హాలుకి నలభై ఏళ్ళుగా లైసెన్సు ఉంది. ఒక సినిమా ఆడుతున్నందుకు ప్రభుత్వం మనిషిని కాపలా పెట్టడం చూడటం ఆయనకి అదే మొదటిసారి.

అదే నెల 10న చిరంజీవి, మహేష్ బాబు, ప్రభాస్, రాజమౌళి, ఇంకా కొందరు తాడేపల్లి వెళ్ళి ముఖ్యమంత్రిని కలిశారు. చిరంజీవి చేతులు జోడించి మాట్లాడిన ఆ వీడియో చూడనివాళ్ళు తక్కువ. మార్చి 7న కొత్త రేట్లతో 13వ నంబరు జీవో వచ్చింది. సమావేశానికీ జీవోకీ మధ్యలో, ఫిబ్రవరి 25న వచ్చిన భీమ్లా నాయక్‌కి పాత రేట్లే. మార్చి 25న వచ్చిన ఆర్ఆర్ఆర్‌కి కొత్త రేట్లు, పైన పెంపు కూడా. ఇందులో ఉద్దేశం ఏమిటో నేను నిరూపించలేను. నిరూపించాల్సిన అవసరం కూడా లేదనుకుంటాను. తేదీ ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళని జనం అనుమానిస్తారు, ఆ అనుమానం పోగొట్టుకునే దారి వాళ్ళకీ ఉండదు.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. 13వ నంబరు జీవోలో నేను అడుగుతున్న రూలు లక్షణాలు కొన్ని ఉన్నాయి. హీరో, దర్శకుల పారితోషికాలు కాకుండా ఖర్చు 100 కోట్లు దాటిన సినిమాకే పెంపు, అదీ 10 రోజులు, షూటింగులో కొంత భాగం రాష్ట్రంలో జరగాలి, రోజుకి ఐదు ఆటల్లో ఒకటి చిన్న సినిమాకి. కాగితం మీద బాగానే ఉంది. కానీ చివరి మాట మళ్ళీ అనుమతి ఇచ్చేవాళ్ళదే. అక్కడే మొత్తం చెడింది.

ప్రభుత్వం మారింది. 2024లో వచ్చిన కూటమిలో పరిశ్రమ మనిషే ఉపముఖ్యమంత్రి. ఇక ఈ బాధలు తీరతాయని నేను నిజంగానే ఆశపడ్డాను. ఐదు రూపాయల టికెట్ వల్ల ఎక్కువ దెబ్బతిన్నది ఆయన సినిమాలే కాబట్టి, ఈ పద్ధతిని తీసేసే పని ఆయనే చేస్తారనుకున్నాను. పద్ధతి అలాగే ఉంది, అంకెలు మాత్రం పైకి పోయాయి. 2024 డిసెంబర్‌లో పుష్ప 2 బెనిఫిట్ షోకి 800. 2025 సెప్టెంబర్‌లో పవన్ కల్యాణ్ సొంత సినిమా ఓజీ బెనిఫిట్ షోకి 1000. ఆయన ఉన్న ప్రభుత్వం ఆయన నటించిన సినిమాకి ఇచ్చిన అనుమతి అది. ఆ ఫైలు మీద ఆయన సంతకం ఉండకపోవచ్చు. అయినా ఆ ఫైలు చూసే అధికారి, ఆ సినిమా హీరో ఎవరో తెలియనట్టు నిర్ణయం తీసుకోగలడా?

మధ్యలో 2025 మేలో ఇంకోటి జరిగింది. అద్దె పద్ధతి వద్దు, కలెక్షన్‌లో పర్సంటేజీ కావాలని ఎగ్జిబిటర్లు, అంటే హాళ్ళు నడిపేవాళ్ళు, జూన్ 1 నుంచి హాళ్ళు మూసేస్తామన్న మాట బయటికొచ్చింది. ఉపముఖ్యమంత్రి కార్యాలయం నుంచి ఘాటైన ప్రకటన వచ్చింది. ప్రభుత్వం వచ్చి ఏడాది కావస్తున్నా పరిశ్రమ పెద్దలు ముఖ్యమంత్రిని మర్యాదకైనా కలవలేదని, తమకి మంచి రిటర్న్ గిఫ్ట్ ఇచ్చారని అందులో ఉంది. ఇకమీదట విడివిడిగా రావద్దు, సంఘాల ద్వారా రండి అని కూడా ఉంది. చివరి సలహా సరైనదే. కానీ మర్యాదకి కలవలేదన్న మాట చదివినప్పుడు నాకు తాడేపల్లి వీడియోనే గుర్తొచ్చింది. ఆ జోడించిన చేతుల్ని చూసి అప్పట్లో అందరికన్నా ఎక్కువ బాధపడ్డది ఆయన అభిమానులే.

ఓజీ విడుదలైన రోజే, సెప్టెంబర్ 25న, ఏపీ అసెంబ్లీలో 2022 నాటి ఆ సమావేశం మళ్ళీ చర్చకొచ్చింది. ఎవరు ఎవరిని అవమానించారు, ఎవరు గట్టిగా అడిగారు, ఎవరికి పిలుపు రాలేదు అని ఎమ్మెల్యేలు కామినేని శ్రీనివాస్, బాలకృష్ణ మాట్లాడారు. చిరంజీవి లిఖితపూర్వకంగా వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. తన చొరవ వల్లే రేట్ల పెంపు వచ్చిందని చెప్పారు. మూడున్నరేళ్ళ తర్వాత శాసనసభ సమయం దీనికి పోయింది. రూలు ఉంటే ఆ సమావేశమే ఉండేది కాదు.

సంధ్య థియేటర్ తర్వాత

తెలంగాణ కథ వేరేలా మొదలై ఇక్కడికే చేరింది. 2024 డిసెంబర్ 4 రాత్రి, పుష్ప 2 ప్రీమియర్‌కి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. తప్పు ఎవరిదో కోర్టులు తేలుస్తాయి, నేను అందులోకి వెళ్ళను. 13న ఆ సినిమా హీరో అల్లు అర్జున్ అరెస్టు, హైకోర్టులో మధ్యంతర బెయిలు, అయినా ఆ రాత్రి చంచల్‌గూడ జైలు, మర్నాడు పొద్దున విడుదల. 21న శాసనసభలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, తాను ఆ కుర్చీలో ఉన్నంతకాలం బెనిఫిట్ షోలూ రేట్ల పెంపులూ ఉండవన్నారు. ఆ రోజు టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

2025 జనవరి 10న గేమ్ ఛేంజర్ వచ్చింది. పొద్దున్నే అదనపు ఆటకీ రేటు పెంపుకీ అనుమతి కూడా వచ్చింది. నిర్మాత దిల్ రాజు, అప్పటికే ఆయన రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ చైర్మన్. శాసనసభలో చెప్పిన మాటకి మూడు వారాలు నిండలేదు. హైకోర్టులో పిటిషన్లు పడ్డాక ప్రభుత్వం ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. సెప్టెంబర్‌లో ఓజీ ప్రీమియర్‌కి 800 అన్న మెమో వచ్చింది, దాన్నీ హైకోర్టు సింగిల్ జడ్జి సస్పెండ్ చేశారు. ఆటకి కొన్ని గంటల ముందు, టికెట్లన్నీ అమ్ముడైపోయాక. ఒక సినిమా టికెట్ రేటు తేల్చడానికి హోం శాఖ, హైకోర్టు రెండూ పని చేయాల్సి రావడం మంచి పాలన అని ఎవరైనా అంటారా?

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రేవంత్ రెడ్డి పెట్టిన షరతులు. 2024 జూలైలో, రేటు పెంపు అడగడానికి వచ్చేవాళ్ళు డ్రగ్స్ మీద, సైబర్ నేరాల మీద అవగాహన వీడియో చేసి తేవాలన్నారు. 2025 అక్టోబర్‌లో యూసుఫ్‌గూడలో సినీ కార్మికుల సభలో, పెంచిన రేటు వల్ల వచ్చే ఆదాయంలో 20 శాతం కార్మికుల సంక్షేమానికి ఇస్తేనే జీవో ఇస్తామన్నారు. రెండూ మంచి ఉద్దేశాలే. రెండోదైతే నాకు మనస్ఫూర్తిగా నచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో వేతనాల కోసం కార్మికులు రెండు వారాలకి పైగా షూటింగులు ఆపితే గానీ 22.5 శాతం పెంపు దక్కలేదు. లైట్‌బాయ్ కూతురి చదువుకి 1000 రూపాయల టికెట్లో కొంత పోతే ఎవరికి అభ్యంతరం?

అయినా మనసు ఒప్పుకోదు. కార్మికుడికి రావాల్సింది చట్టంగా రావాలి. పెద్ద హీరో సినిమా వచ్చి, దాని నిర్మాత జీవో అడిగి, ప్రభుత్వం ఒప్పుకున్నప్పుడే కార్మికుడికి వాటా అంటే అది జీతభత్యాల లెక్కలోకి రాదు. పైగా ఆ వాటా కోసం రేపు కార్మికుడే రేట్లు పెంచమని అడిగే పరిస్థితి వస్తుంది. ఇవాళ ఈ ప్రభుత్వం మంచి షరతు పెట్టింది. రేపు ఇంకో ప్రభుత్వం, మా సభకి రండి, మా పథకం మీద పాట చేయండి, మా ప్రత్యర్థి మీద తీసిన సినిమా ఆపండి అంటుంది. తాళంచెవి ఒకటే.

"ఇష్టమైతేనే చూడు" అనేవాళ్ళకి

ఈ వాదన నా స్నేహితుల్లో సగం మందిది. సినిమా ఏమీ బియ్యం కాదు, మందులు కాదు. కొనగలిగినవాడు మొదటి రోజు చూస్తాడు, లేనివాడు వారం ఆగుతాడు, ఇంకా లేనివాడు ఓటీటీలో చూస్తాడు. విమానం టికెట్ పండక్కి పెరగదా? అసలు ప్రభుత్వానికి ఇందులో ఏం పని?

దీనికి జవాబు వెతుక్కోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇప్పటికీ సగం ఒప్పుకుంటాను. విమానం టికెట్ పెరుగుతుంది గానీ ఒక్కో విమానానికి ఎవరూ జీవో ఇవ్వరు. పోనీ అసలు నియంత్రణే వద్దు, మార్కెట్‌కి వదిలేద్దాం అంటే, అదీ ఒక రూలే, అందరికీ ఒకటే కాబట్టి నేను దానితో పోట్లాడను. అయితే వాళ్ళు చెప్పే మార్కెట్ మా మావయ్య టౌన్లో ఉండదు. అక్కడ ఉన్నవి నాలుగు హాళ్ళు. పెద్ద సినిమా వస్తే నాలుగింట్లోనూ అదే. ఇంకో సినిమా చూద్దామన్నా లేదు, ఇంకో చోట తక్కువకి చూద్దామన్నా లేదు. వారం ఆగుదామంటే పెంపు పది రోజులుంటుంది, ఆ తర్వాత కొన్ని వారాలకే ఓటీటీ. మామూలు రేటుకి హాల్లో చూసే కాలం ఇరుకైపోయింది. ప్రతి సంక్రాంతికీ ప్రైవేటు ట్రావెల్స్ వాళ్ళు అదనంగా గుంజితే బస్సులు సీజ్ చేస్తామని రవాణా శాఖ హెచ్చరిస్తుంది. పండక్కి ఊరొచ్చినవాళ్ళు ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ సినిమాకి వెళ్తే అక్కడ అదనపు రేటుకి ప్రభుత్వమే ముద్ర వేసి ఉంటుంది.

కిందటి సంక్రాంతికి అలాంటి సాయంత్రమే మావయ్య హాలు దగ్గర ఒక కుటుంబాన్ని చూశాను. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ. బుకింగ్ అద్దానికి లోపలివైపు జీవో కాపీ అంటించి ఉంది. ఆయన దాన్ని చదవడానికి ప్రయత్నించి, లోపలి కుర్రాణ్ణి రేటు అడిగి, వెనక్కొచ్చి భార్యతో ఏదో అన్నాడు. ఆమె పర్సు తీసింది. వాళ్ళు లెక్కలు వేసుకుంటుండగానే పెద్దావిడ, "నాకు ఆ మోత పడదమ్మా, తలనొప్పి. మీరు చూసి రండి, నేనిక్కడే కూచుంటా" అంది. కోడలు "అదేంటత్తయ్యా, మీకోసమేగా వచ్చింది" అంటున్నా వినలేదు. చెప్పులు విడిచి సైకిల్ స్టాండు పక్కన అరుగు మీద కూర్చుంది, జడలో కొత్త చామంతులు. మూడు గంటలు. ఆవిడకి నిజంగానే తలనొప్పి ఉందేమో, నాకు తెలియదు. మావయ్య చూసి లోపలికి పంపబోతే, టికెట్ లేకుండా కూచోనని పట్టుపట్టింది.

బియ్యం కాదు, ఒప్పుకుంటాను. కానీ తెలుగువాళ్ళ పండగలో సినిమాకి ఉన్న చోటు ఏమిటో కోట్లు పెట్టి సంక్రాంతికే విడుదల చేసే నిర్మాతలకి బాగా తెలుసు.

నిర్మాత బాధ కూడా ఉంది

ఇంతదాకా చెప్పింది చదివి నిర్మాతలంటే నాకు కోపమనుకోవద్దు. వాళ్ళ వాదనలో నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది ఒకటుంది. మొదటి రోజు టికెట్‌కి గిరాకీ ఎప్పుడూ ఉంది. మా చిన్నప్పుడు కూడా హాలు బయట బ్లాకులో మూడు రెట్లకీ నాలుగు రెట్లకీ అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు కొనేవాళ్ళు. ఆ డబ్బు సినిమా తీసినవాడికి ఒక్క రూపాయి రాలేదు, ప్రభుత్వానికి పన్నూ రాలేదు. అదే డబ్బు ఇప్పుడు కౌంటర్లో పడి, 18 శాతం జీఎస్టీ పోను నిర్మాత దాకా వెళ్తే తప్పేంటి? తమిళనాడులో గరిష్ఠ ధర ఏళ్ళుగా గట్టిగా ఉంది. అయినా అక్కడ పెద్ద సినిమా మొదటి ఆట టికెట్లు చేతులు మారుతూ ఎంతకి పోతాయో చెన్నైలో ఉన్న మనవాళ్ళని అడగండి. 2023 జనవరిలో ఒక అభిమాని చనిపోయాక అక్కడ తెల్లవారుజాము ఆటలు ఆపేశారు. మొదటి ఆట తొమ్మిదింటికే. అయితే ఏమైంది, తెల్లారకముందే చూడాలనుకున్నవాళ్ళు సరిహద్దు దాటి మన చిత్తూరు జిల్లాకీ కేరళకీ వస్తున్నారు. కర్ణాటక 2025 సెప్టెంబర్‌లో 200 మించకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది, రోజుల్లోనే హైకోర్టు స్టే ఇచ్చింది. గట్టి సీలింగ్ పెడితే అంతా సర్దుకుంటుందని నేను చెప్పలేను.

అందుకే నా రూల్లో ప్రీమియర్‌కి ఎక్కువ రేటు ఉంటుంది. ఉండాలి. మొదటి రాత్రే చూడాలన్న పిచ్చి ఉన్నవాడి దగ్గర ఎక్కువ తీసుకోవడంలో నాకు అన్యాయం కనపడదు. పదో రోజు వచ్చే పెద్దావిడ దగ్గర తీసుకోవడమే అన్యాయం.

అయితే రేటు పెంచడం వల్ల సినిమా బతుకుతుందన్న మాట నేను నమ్మను. ఏపీ పట్టణాల్లో మంచి సింగిల్ స్క్రీన్ టికెట్ మామూలుగా 147. వెయ్యి రూపాయల టికెట్ ఒకటి అమ్మితే దాదాపు ఏడుగురు వచ్చినంత గ్రాస్ వసూలు. పోస్టర్ మీద కోట్ల అంకె వేసుకోవడానికి బాగుంటుంది, ఆ అంకె పట్టుకుని సోషల్ మీడియాలో మా హీరో గొప్పంటే మా హీరో గొప్పని కొట్టుకోవడానికి బాగుంటుంది. కానీ ఆ ఏడుగురు ఎక్కడికి పోయారు? క్యాంటీన్‌లో సమోసా కొనేది వాళ్ళే, సినిమా బాగుందని ఇంకో పదిమందికి చెప్పేది వాళ్ళే, వచ్చే నెల చిన్న సినిమాకి కూడా వచ్చేది వాళ్ళే. మావయ్య డైలీ కలెక్షన్ రిపోర్టులు కట్టలు కట్టి అటక మీద పెడతారు. అందులో ఒక పాతదీ ఒక కొత్తదీ తీసి పక్కపక్కన పెట్టి చూపించారు. శుక్రవారం కొత్తదాంట్లో డబ్బు చాలా ఎక్కువ, మనుషులు కొంచెమే తక్కువ. మంగళవారానికి వచ్చేసరికి పాతదాంట్లో సెకండ్ షోకి ఉన్నంతమంది కొత్తదాంట్లో రోజంతా కలిపినా లేరు. "రేటు తగ్గాక వస్తారంటారు గానీ అల్లుడూ, ఒకసారి ఇంట్లో కూర్చోవడం అలవాటైనవాడు మళ్ళీ లేచి రాడు" అన్నారు.

ఏ రూలు?

నేను అడిగేది పెద్ద సంస్కరణేమీ కాదు. ఒక కాగితం. ప్రీమియర్‌కి గరిష్ఠంగా ఇంత. మొదటి మూడు రోజులు మామూలు ధర మీద ఇంత శాతం. ఆ తర్వాత వారం నిండేదాకా ఇంత. ఎనిమిదో రోజు నుంచి మామూలు ధర. ఏ హీరో అయినా, ఎంత బడ్జెట్ అయినా ఇదే. దరఖాస్తు లేదు, జీవో లేదు, ధన్యవాదాల పోస్టర్ లేదు. వాడుకోదలచినవాడు కలెక్టరుకీ పోలీసుకీ ముందుగా తెలియజేస్తే చాలు. తగ్గించుకుంటానంటే ఎంతైనా తగ్గించుకోవచ్చు. 100 లోపు టికెట్‌కి ఇప్పుడు జీఎస్టీ 5 శాతమే కాబట్టి చిన్న సినిమాలకి అది బలం కూడా. హాలు కెపాసిటీ, బయట జనం, తారలు రావాలా వద్దా అన్నది పోలీసుల పరిధిలోని విషయం. రేటుతో కలిపి ఒకే కాగితంలో కట్టకూడదు. సంధ్య దగ్గర ప్రాణం పోయింది బయట తొక్కిసలాటలో, దానికి మందు, రేటు జీవో రద్దు చేయడంలో లేదు.

బడ్జెట్ బట్టి పెంపు వద్దనడానికి నాకు కారణముంది. ఖర్చు లెక్క నిర్మాతే చెప్పాలి, నమ్మాల్సింది ప్రభుత్వం. అక్కడ మళ్ళీ ఒకరి దయ మొదలవుతుంది. జీఎస్టీకి ముందు వినోదపు పన్ను రోజుల్లో ఇది చూశాం. 2015లో రుద్రమదేవికి తెలంగాణ పన్ను మినహాయించింది, ఏపీ ఇవ్వలేదు. 2017 జనవరిలో గౌతమిపుత్ర శాతకర్ణికి రెండు రాష్ట్రాలూ ఇచ్చాయి. దాని హీరో అప్పటి ఏపీ ముఖ్యమంత్రికి బావమరిది, వియ్యంకుడు. నాకెందుకు ఇవ్వలేదని గుణశేఖర్ చంద్రబాబుకి బహిరంగంగానే ఉత్తరం రాశారు. రెండూ తెలుగు చరిత్ర మీద తీసినవే. ఆ ఉత్తరానికి న్యాయమైన జవాబు ఏ ప్రభుత్వం దగ్గరా ఉండదు, ఎందుకంటే కొలబద్ద ఎక్కడా రాసి లేదు.

రూలు రాసినా రేపు వచ్చే ప్రభుత్వం మార్చేయదా అని అడగొచ్చు. మారుస్తుంది. కానీ మారిస్తే అందరికీ మార్చాలి. ఒకరిని దెబ్బకొట్టబోతే పది సినిమాలకి తగులుతుంది, అందులో వాళ్ళకి కావలసినవాళ్ళూ ఉంటారు. 2021లో ఐదు రూపాయల టికెట్ ఒక్కటే ఉండి, తర్వాత విడివిడి పెంపులకి దారి లేకపోయి ఉంటే ఆ జీవో అన్నాళ్ళు బతికేది కాదని నా నమ్మకం. కరెంటు చార్జీలకి విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్సీ) బహిరంగ విచారణ పెడుతుంది, ఎవరైనా వెళ్ళి మాట్లాడొచ్చు. ఏడాదికోసారి టికెట్ ధర మీద అలాంటిది పెట్టి ఎగ్జిబిటర్లనీ, నిర్మాతలనీ, కార్మిక సంఘాలనీ, ప్రేక్షకులనీ పిలిస్తే ప్రభుత్వానికి పోయేదేమీ లేదు.

పోయేది ఒకటుంది, ఆ సంతకం విలువ. అందుకే ఏ ప్రభుత్వమూ తనంతట తాను ఈ పని చేయదేమో అని నా భయం. అడగాల్సింది పరిశ్రమే. కానీ అక్కడా ఐక్యత లేదు. ఈ పార్టీ వస్తే మా హీరోకి మంచిది, ఆ పార్టీ వస్తే మా బ్యానర్‌కి మంచిది అనుకునేవాళ్ళకి ఒకే రూలు నష్టమే. పెద్ద నిర్మాతల్లో ఎవరైనా ఒకరు, తమ సినిమా విడుదల దగ్గర్లో లేని సమయంలో, మాకు జీవోలు వద్దు, అందరికీ ఒకటే రూలు చాలు అని గట్టిగా అంటే నేను మొదటి రోజు ప్రీమియర్ టికెట్ పెట్టిన రేటుకి కొంటాను.

ఇదంతా రాసే ముందు మావయ్యకి ఫోన్ చేసి చదివి వినిపించాను. చాలాచోట్ల ఊఁ కొట్టారు. రూలు దగ్గరికి వచ్చేసరికి ఒప్పుకోలేదు. "ఎనిమిదో రోజు నుంచి మామూలు రేటంటే, సినిమా హక్కులు కొన్న బయ్యరు మొదటి వారంలోనే మొత్తం లాగేయాలని చూస్తాడు. ఊళ్ళో నాలుగు హాళ్ళూ వాడే పట్టేస్తాడు. అప్పుడు చిన్న సినిమాకి హాలెక్కడిది?" అన్నారు. ఒక ఊళ్ళో ఒకే సినిమాకి ఇన్నే స్క్రీన్లు అని కూడా రూల్లో రాయాలా అని అడిగాను. "రాస్తే నా హాలుకి పెద్ద సినిమా రాకపోతే?" అన్నారు. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. హాళ్ళు నడిపేవాళ్ళెవరైనా ఇది చదివితే చెప్పండి.